వానపాములు కాదత్తయ్యా, నూడుల్స్!

నెల కిందటి మాట. "ఈ ఏడు ఆరుద్ర పురుగు కనబడిందా?" అని మా అత్తయ్య తెనాలి పక్క పల్లెలో ఉన్న తన చెల్లెలికి రోజూ ఫోను చేసి కనుక్కునేవారు. ఎర్ర మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టుండే ఆ బుల్లి పురుగు పొలం గట్టున కనబడితేనే ఆవిడ లెక్కలో వానాకాలం వచ్చినట్టు. హైదరాబాదులో మూడో అంతస్తులో ఉండేదాన్ని, నాకు అంత భాగ్యం ఎక్కడిది? నా గుర్తులు నాకున్నాయి. తీగ మీద ఆరేసిన స్కూలు యూనిఫాం మూడో రోజుకీ తడిగానే ఉండాలి. దేవుడి దగ్గర అగ్గిపుల్ల నాలుగోసారి గీస్తేగానీ వెలగకూడదు. జాడీలో ఉప్పు గడ్డ కట్టాలి. సాయంత్రం స్కూలు బస్సు దిగిన మా పుత్రరత్నం బూట్లయినా విప్పకుండా "అమ్మా, వేడివేడిగా ఏదైనా చెయ్యవా!" అని గుమ్మంలోంచే కేకెయ్యాలి. ఈ నాలుగూ ఒకే రోజు జరిగాయంటే ఇక గొడుగులు దులుపుకోవచ్చు.

జూన్ ఆఖరి వారంలో ఓ బుధవారం నాడు నాలుగూ జరిగాయి.

వేడిగా ఏదైనా అంటే మా ఇంట్లో మనిషికో అర్థం. అత్తయ్యకు మిరపకాయ బజ్జీలు. మావారికి మొక్కజొన్న పొత్తు. అదీ గ్యాసు మీద కాల్చింది కాదు, వీధి చివర బొగ్గుల కుంపటి మీద కాల్చి, నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది రుద్దినదే కావాలి. మా వాడికి నూడుల్స్. నాకేం కావాలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక ఆ కబురు వదిలేద్దాం.

ముందు ఆషాఢం సంగతులు చెప్పుకోవాలి. మా అపార్ట్‌మెంటుకి ఈసారి ఆషాఢం మూడు రకాలుగా వచ్చింది. మొదటిది గోరింటాకు. వెనక ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో ఉన్న ఒకే ఒక్క గోరింట చెట్టుని మా ఆడవాళ్ళమంతా కలిసి రెండు రోజుల్లో బోడిగుండు చేసేశాం. రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకుని కూర్చున్న సాయంత్రం ఇంట్లో మన విలువ తెలిసొస్తుంది. మంచినీళ్ళు తాగించమన్నా, ముక్కు మీద దురద, కాస్త గోకండి అన్నా మావారు కిమ్మనకుండా చేశారు.

రెండోది బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. ఆషాఢం ఆదివారాలన్నీ డప్పులే. మా వీధి చిన్న గుడికి కూడా బోనాలు ఎక్కాయి. సన్నటి జల్లు పడుతోంది. ఓ పెద్దావిడ నెత్తిన బోనం, దాని మీద దీపం. వెనక నడిచే కోడలు తన చీర కొంగుని గొడుగులా ఆ దీపం మీద పట్టుకుని, అత్తగారి అడుగులో అడుగు వేస్తోంది. గుడి దాకా దీపం ఆరలేదు. కొంగు మాత్రం ఓ పక్క కమిలింది.

మూడోది చీరల అమ్మకాలు. ఇది మావారు చదివే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడితో ఆపేస్తాను.

రైతుబజారులో బోడకాకర వచ్చింది. మా వైపు ఆకాకర అంటాం. పేరేదైనా ధర ఒకటే, అడిగి ముందుకి నడిచేదే. నేరేడు పళ్ళు కొన్నాను, ఇంటిల్లిపాదికీ నాలుకలు ఊదారంగులోకి మారాయి. ఆషాఢంలో మునగాకు తినాలి కదా అని ఓ కట్ట తీసుకున్నాను. టమాటా దగ్గర కాసేపు నిలబడ్డాను. వానలు పడ్డాయంటే దాని ధర ఏ రోజు ఎక్కడ ఉంటుందో అమ్మేవాడికే తెలియదు. "పావుకిలో చాలు బాబూ" అంటే అతను నన్ను జాలిగా చూశాడు. ఆ క్షణంలో పక్కనే గుట్టగా పోసిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడల మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ నెలంతా మా ఇంట్లో నూడుల్స్ రాజ్యమేలడానికి అదొక కారణం.

రెండో కారణం ఎదురు ఫ్లాట్ అబ్బాయి.

కొత్తగా పెళ్ళయింది. అమ్మాయిది కాకినాడ. ఆషాఢం రాగానే అన్నగారొచ్చి పుట్టింటికి తీసుకెళ్ళిపోయాడు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదంటారు. ఇక్కడ అత్తగారే లేరు, ఆవిడ ఉండేది విజయనగరంలో. అయినా ఆచారం ఆచారమే. దాంతో సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒంటరి పక్షి అయ్యాడు. ఏం తింటున్నాడో ఎవరూ అడగనక్కర్లేదు, పొద్దున్నే గుమ్మం బయట పెట్టే చెత్తబుట్టే చెప్పేది. రెండు నిమిషాల నూడుల్స్ పొట్లాలు, వాటి లోపలి మసాలా కాగితాలు. సోమవారం రెండు, మంగళవారం రెండు, బుధవారం మూడు. ఆకలి రుచెరుగదన్నారు నిజమే గానీ, ఐదు రోజులు వరసగా ఒకే మసాలా తింటే ఆకలి కూడా ఎదురు తిరుగుతుంది కదా!

ఆరో రోజు రాత్రి మా తలుపు తట్టాడు. చేతిలో గిన్నె. "ఆంటీ, ఇది ఇలా ఎందుకైందో కాస్త చెప్తారా?"

ఫోనులో ఎవరో వండుతుంటే చూసి హక్కా నూడుల్స్ చేశాట్ట. గిన్నెలో గోధుమరంగు ముద్ద ఒకటి ఉంది. "కొంచెం అతుక్కున్నట్టుంది" అన్నాను, పెళ్ళయిన కొత్తలో పిల్లవాణ్ణి నిరుత్సాహపరచకూడదని. అతను గిన్నెని బోర్లించి చూపించాడు. ముద్ద కింద పడలేదు. అటూ ఇటూ ఊపాడు. అయినా పడలేదు.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చారు. "ఏమిట్రా అబ్బాయ్ అవి, వానపాములా?"

"కాదు మామ్మగారూ, నూడుల్స్."

"వానపాములైతే ఈపాటికి తలో దిక్కుకీ పోయేవిలే" అని ఆవిడ మళ్ళీ సీరియల్లోకి వెళ్ళిపోయారు.

గిన్నె బోర్లించడం అంటే గుర్తొచ్చింది. చైనాలో పసుపునది ఎగువన లాజియా అనే చోట తవ్వకాల్లో, మూడు మీటర్ల మట్టి కింద బోర్లాపడిన మట్టిగిన్నె ఒకటి దొరికింది. ఎత్తి చూస్తే కింద పసుపుపచ్చటి నూడుల్స్! జానెడుకి రెండింతల పొడుగు, సన్నగా. సుమారు 4000 ఏళ్ళ నాటివి. భూకంపమో వరదో వచ్చి ఊరు ఊరంతా పూడిపోయింది, ఎవరో తినబోతున్న గిన్నె అలాగే తిరగబడింది. 2005లో నేచర్ అనే పత్రికలో ఆ సంగతి వచ్చింది. అవి కొర్రలు, వరిగల పిండితో చేసినవని ఆ పరిశోధకులు రాశారు. మన దగ్గర చిరుధాన్యాల దుకాణాల్లో అట్టపెట్టెల్లో పెట్టి గొప్పగా అమ్ముతున్న కొర్రల నూడుల్స్ వాళ్ళకు రోజువారీ తిండన్నమాట. ఎదురింటబ్బాయి నూడుల్స్ కూడా అంతకాలం నిలుస్తాయనే నా నమ్మకం.

హాస్యం పక్కనపెట్టి ఆ ముద్దకి పంచనామా చేశాం. నాలుగు తప్పులు తేలాయి.

ఒకటి, నూడుల్స్‌ని అన్నంలా మెత్తగా ఉడికించాడు. రెండు, వార్చి గిన్నెలో కుప్పగా వదిలేసి, అప్పుడు క్యారెట్ తరగడానికి కూర్చున్నాడు. క్యారెట్ అయ్యేలోపు అవి తమ వేడికి తామే ఇంకాస్త ఉడికి, పైనున్న పిండి జిగురుకి ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి. మూడు, మాడిపోతుందేమోనన్న భయంతో మంట సన్నగా పెట్టాడు. క్యాబేజీ నీళ్ళు వదిలింది. పెద్ద మంట మీదైతే ఆ నీరు పుట్టీ పుట్టగానే ఆవిరైపోతుంది. సన్నమంట మీద అడుక్కి చేరి కూరని ఉడకబెడుతుంది. అప్పుడది వేపుడు కాదు, పులుసు. నాలుగోది అన్నిటికన్నా పెద్దది. పొయ్యి మీద అంతా ఉడుకుతుంటే సోయా సాస్ సీసా మూత రాక, కత్తెర కోసం హాల్లోకి పరిగెత్తాడు.

నాకూ ఇదంతా పుట్టుకతో వచ్చిన విద్య కాదు. మా వీధి మలుపులో ఓ నూడుల్స్ బండి ఉంది. వానొస్తే నాలుగు కర్రలకి నీలం పట్టా కట్టి, దాని కింద పొయ్యి బుసకొడుతుంది. గరిట మూకుడుకి తగిలే ఆ టంగుటంగుమనే చప్పుడు మా బాల్కనీలోకి వినిపిస్తుంది. ఓసారి గొడుగేసుకుని అరగంట నిలబడి చూశాను. ప్లేటు నూడుల్స్ రెండు మూడు నిమిషాల్లో దిగుతోంది. చేతి వేగం అనుకున్నాను. కాదు. నూడుల్స్ పెద్ద బేసిన్లో ముందే ఉడికించి, నూనె పట్టించి, ఆరబెట్టి ఉన్నాయి. క్యాబేజీ, క్యారెట్ సన్నగా తరిగి కొండలు పోసి ఉన్నాయి. సాసులు మూతకి చిల్లులు పొడిచిన సీసాల్లో కుడిచేతి వాటంగా వరసలో ఉన్నాయి. ఉప్పు, మిరియాలపొడి, వెల్లుల్లి అన్నీ గరిట అందినంత దూరంలోనే. "పొద్దుగాల్నే ఉడకబెట్టి పెడ్తం మేడం. ఇప్పుడు చేసేది ఏముంటది, కలుపుడే" అన్నాడు మాస్టరు, మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

ఆ ఒక్క మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. త్వరగా అయ్యే వంట వేరు, తొందరపడి చేసే వంట వేరు. నూడుల్స్‌లో తొందరంతా మంటది. మనం ఆ తొందరంతా ముందే తీర్చేసుకుని, పొయ్యి వెలిగించేసరికి తీరిగ్గా నిలబడాలి.

ఆదివారం ఆ అబ్బాయిని మా వంటింట్లోకి పిలిచాను. మా వాడు శిష్యుడిగా చేరాడు. ఇద్దరికి సరిపడా కొలతలు చెప్తాను, రాసుకోవాలంటే రాసుకోండి.

నూడుల్స్ 150 గ్రాములు. దుకాణంలో హక్కా నూడుల్స్ అంటే ఇచ్చే చిన్న పొట్లం సరిపోతుంది. లీటరున్నర నీళ్ళు తెర్లేలా మరిగించి, చెంచా ఉప్పు వేసి, అందులో వేయాలి. మూడు నిమిషాలయ్యాక ఒక పోగు తీసి కొరికి చూడాలి. పంటికి కాస్త పలుకు తగులుతూ ఉండగానే చిల్లుల గిన్నెలోకి వార్చెయ్యాలి. వెంటనే కుళాయి కింద పెట్టి చన్నీళ్ళు పోయాలి. ఉడకడం అక్కడికక్కడే ఆగిపోతుంది, పైనున్న జిగురూ పోతుంది. నీళ్ళు బాగా ఓడ్చి, పెద్ద పళ్ళెంలో పరిచి, చెంచా నూనె చిలకరించి వేళ్ళతో విడదీసి ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టాలి. సేమియాని గుడ్డ మీద పరిచి ఆరబెట్టినట్టు. ఈ పది నిమిషాలే వంటంతా. చాలామంది వదిలేసేదీ దీన్నే.

అవి ఆరేలోగా తరగడం. పది వెల్లుల్లి రెబ్బలు సన్నగా. క్యారెట్ ఒకటి, క్యాప్సికమ్ సగం, క్యాబేజీ ఓ గుప్పెడు, అన్నీ అగ్గిపుల్లల్లా. ఉల్లికాడలు నాలుగు, తెల్లభాగం విడిగా, ఆకుపచ్చది విడిగా. నాలుగు ఎండుమిరపకాయల్ని వేడినీళ్ళలో కాసేపు నానబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. సీసాల్లో వచ్చే చిల్లీ సాసు కన్నా దీనికి ప్రాణం ఎక్కువ. గుంటూరు కాయైతే రెండు చాలు, పౌరుషానికి పోవద్దు. చిన్న గిన్నెలో చెంచాన్నర సోయా సాస్, అరచెంచా వెనిగర్, పావుచెంచా పంచదార, అరచెంచా మిరియాలపొడి కలిపి పెట్టుకోవాలి. సోయా సాస్‌లోనే ఉప్పు బోలెడుంటుంది, విడిగా వేసేముందు రుచి చూసుకోండి. సీసాల మూతలన్నీ ఇప్పుడే తియ్యండి. కత్తెర ఇప్పుడే వెతుక్కోండి.

మా అబ్బాయి అడిగాడు, బండి మీద వేసే టేస్టింగ్ సాల్ట్ వెయ్యవా అని. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు కాచిన చారుకి ఆ కమ్మదనం ఎక్కణ్ణించి వస్తోందా అని వెతికి పట్టుకున్న పదార్థం అది. ఆ కమ్మదనాన్నిచ్చే గుణం సోయా సాస్‌లో, బాగా పండిన టమాటాలో దానంతటదే ఉంటుంది. కాబట్టి విడిగా వెయ్యలేదు. మనవాళ్ళు పప్పులో టమాటా వేసినప్పుడు ఈ లెక్కలేవీ వేసుకోలేదు, నాలుక చెప్పింది విన్నారు.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి రండి. మా ఇంట్లో అత్తయ్య తెచ్చుకున్న ఇనప మూకుడు ఉంది, లోపలంతా నల్లగా నిగనిగలాడుతూ. నాన్‌స్టిక్ పెనం ఈ పనికి రాదు. ఖాళీగా పెద్ద మంట మీద పెడితే పూత పాడవుతుంది. ఇనప మూకుడు పెట్టి, మంట పూర్తిగా పెంచి, చూస్తూ నిలబడాలి. సన్నటి పొగ చార లేస్తుంది. అప్పుడు రెండు చెంచాల వేరుశనగ నూనె. నూనె అంచులు వణుకుతాయి. వెల్లుల్లి వెయ్యగానే చిటపటమంటూ ఇల్లంతా లేచి కూర్చుంటుంది. అంచులు బంగారు రంగుకి తిరగడం ఆలస్యం, నూరిన మిరపకాయ. ఇక్కడ అందరూ ఓసారి దగ్గుతారు. దగ్గకపోతే మంట చాలనట్టు. ఉల్లికాడల తెల్లభాగం, క్యారెట్, క్యాప్సికమ్, ఆఖరున క్యాబేజీ, అన్నీ కలిపి నిమిషంన్నర. ముక్క కరకరలాడాలి. నూడుల్స్ వేసి, రెండు గరిటెలతో కింద నుంచి పైకి ఎత్తి ఎత్తి వెయ్యాలి, కలపకూడదు. కలిపితే విరిగిపోతాయి. సాసు నూడుల్స్ మీద కాదు, మూకుడు అంచుకి పోయాలి. కాలిన ఇనుము తగలగానే సుయ్యిమని మరిగి, ఆ కమ్మటి పొగవాసన నూడుల్స్‌కి పడుతుంది. మరో నిమిషం. ఉల్లికాడల పచ్చభాగం చల్లి, దించి నిమ్మకాయ పిండాలి. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, బండి మీద ఇచ్చినట్టే.

అంతే. నూనె పోసిన దగ్గర్నించి దించేదాకా ఐదు నిమిషాలు పట్టలేదు. అబ్బాయి గడియారం చూసుకుని నోరెళ్ళబెట్టాడు. ముందు తరగడానికీ ఆరబెట్టడానికీ పట్టిన ముప్పావుగంట అతని లెక్కలోకి రాలేదు. ఇంట్లో ఆడవాళ్ళ పని చాలామంది లెక్కలోకి రానిది ఇలాగే మరి!

ఒక్క హెచ్చరిక. ఇద్దరికి మించి ఒకేసారి వెయ్యకండి. నేను వేశాను, చెప్తున్నాను. తొలి ఏకాదశికి వచ్చిన ఆడపడుచు కుటుంబం సాయంత్రం దాకా ఉండిపోతే, పిల్లలు అడిగారు కదా అని ఆరుగురికీ కలిపి ఒకే మూకుడులో కుమ్మరించాను. మూకుడు నిండా పడేసరికి వేడి చల్లారిపోయింది, క్యాబేజీ నీరూరింది. పంచనామాలో నేను ఏకరువు పెట్టిన మూడో తప్పు నా మూకుడులోనే నన్ను చూసి నవ్వింది. ఆడపడుచు మర్యాదస్తురాలు, "ఉప్మాలా బావుంది వదినా" అంది. అత్తయ్య మధ్యాహ్నం చేసిన పేలపిండి పొట్లం విప్పి పిల్లల చేతుల్లో పెట్టి నన్ను గట్టెక్కించారు. ఎంతమంది ఉన్నా సరే, ఇద్దరికి ఇద్దరికి చొప్పున వాయలు వెయ్యండి. గారెలు వాయలుగా వెయ్యమా?

మొదటి ఆదివారం పాఠం జరుగుతుండగా అత్తయ్య వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "ఇంత పొడుగేమిటే, విరిచి వెయ్యకపోయావా?" అన్నారు. చైనా వాళ్ళు పుట్టినరోజుకి నూడుల్స్ తింటారనీ, పోగు ఎంత పొడుగైతే ఆయుష్షు అంతని నమ్ముతారనీ, అందుకే తెంపరనీ చెప్పాను. ఆవిడ మనవడి వంక చూసి, "అయితే విరవకు" అన్నారు.

అన్నట్టు, హక్కా అనేది వంట పేరు కాదు, మనుషుల పేరు. చైనాలో ఒక జనసమూహం. ఆ మాటకి అర్థం అతిథి కుటుంబాలు అని. వాళ్ళలో కొందరు కోల్‌కతా వచ్చి టాంగ్రాలో తోళ్ళు శుద్ధి చేసే పనిలో స్థిరపడ్డారు. ఇంట్లో వండుకునేది నెమ్మదిగా హోటళ్ళకెక్కింది, అక్కడ మన పచ్చిమిర్చి, మన కారం తోడయ్యాయి, అక్కణ్ణించి దేశమంతా పాకింది. చైనా వెళ్ళి మన బండి మీది రుచి అడిగితే దొరకదు. మంచూరియా సంగతీ అంతే. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మొదలుపెట్టి, మసాలా బదులు సోయా సాస్ పోసి తయారుచేశాడంటారు. మంచూరియా అనే ప్రాంతానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మైసూరు బజ్జీకి మైసూరుతో ఎంత చుట్టరికమో అంత.

ఇక ఆ రెండు నిమిషాల పొట్లాలున్నాయే, వాటి పుట్టుక వింటే అత్తయ్యే మెచ్చుకున్నారు. 1958లో జపాన్‌లో, ఒసాకా దగ్గరి ఇకెడా అనే ఊళ్ళో, మోమోఫుకు ఆండో అనే 48 ఏళ్ళాయన ఇంటి వెనక చిన్న పాక వేసుకుని నిలవ ఉండే నూడుల్స్ కోసం తంటాలు పడుతున్నాడు. ఎండబెడితే ఒక చిక్కు, ఆవిరి పడితే ఇంకో చిక్కు. ఓ రోజు భార్య కూరగాయ ముక్కల్ని పిండిలో ముంచి నూనెలో వేస్తోంది. పిండిలో నీరు బుడగలై బయటికి పోవడం, పోయిన చోటల్లా సన్నటి చిల్లులు మిగలడం చూశాడు. నూడుల్స్‌నీ అలాగే నూనెలో వేయించాడు. మళ్ళీ వేడినీళ్ళు పొయ్యగానే ఆ చిల్లుల్లోంచి నీరు దూరి క్షణాల్లో మెత్తబడ్డాయి. రెండు నిమిషాల రహస్యం అదీ.

"అంటే ఆవిడ వేసింది బజ్జీయే కదా?" అన్నారు అత్తయ్య.

"అలాంటిదే."

"మరి నే చెబితే వినరు. వానపడితే బజ్జీయే. ఆయనెవరో పెళ్ళాం బజ్జీ వేస్తుంటే చూసి బాగుపడ్డాడు" అని ఎదురింటబ్బాయి వైపు తిరిగి, "నువ్వూ చూస్తూ ఉండు నాయనా" అన్నారు.

ఆవిడ ఆ పూట నూడుల్స్ ముట్టుకోలేదు. కానీ పళ్ళెంలో ఆరబోసిన పోగుల్ని వేలితో ఎత్తి చూశారు. "మా పాలతాలికల్లాగే ఉన్నాయే" అన్నారు, ఎవరితోనూ కాకుండా. నిజమే కదా! వినాయకచవితికి బియ్యప్పిండి ముద్దని అరచేతుల మధ్య పెట్టి సన్నగా, పొడుగ్గా రుద్ది, పాలూ బెల్లంలో వేసి ఉడికిస్తామే, అవి నూడుల్స్ కాక మరేమిటి? జంతికల గొట్టంలోంచి దిగేదీ పోగే. సేమియా పోగే. పిండిని పోగు చెయ్యడం మనకి కొత్తేమీ కాదు. మనం పాలల్లో వేశాం, నూనెలో వేశాం, పొగలేచే మూకుడులో వెయ్యడమే ఈమధ్య నేర్చుకున్నాం. పాలతాలికలు కూడా ఎక్కువ కలిపితే విరుగుతాయి, ఎక్కువ ఉడికితే ముద్దవుతాయి. ఆ మాట చెప్పింది కూడా అత్తయ్యే. నేను ముప్పావుగంట చెప్పిన పాఠం ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేశారు.

ఆ తర్వాత మూడు వారాలు ఎదురు ఫ్లాట్‌లోంచి దగ్గులు వినిపించాయి. శుభసూచకం. చెత్తబుట్టలో పొట్లాలు తగ్గి క్యారెట్ తొక్కలు మొదలయ్యాయి. ఒక రాత్రి కరెంటు పోయింది, చీకట్లో కూడా టంగుటంగుమని గరిట చప్పుడు ఆగలేదు. మా వాడు "అంకుల్ మాస్టరైపోయాడమ్మా" అని ప్రకటించాడు.

ఆషాఢం వెళ్ళిపోయింది. శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారానికి ముందే కాకినాడ అమ్మాయి రెండు పెట్టెలు, ఒక కాజాల డబ్బాతో దిగింది. ఆ సాయంత్రం అబ్బాయి వచ్చి, "ఆంటీ, మీ ఇనప మూకుడు ఒక్కరోజుకి ఇస్తారా?" అన్నాడు. అత్తయ్యే లోపలికెళ్ళి తెచ్చిచ్చారు. ఆ మూకుడు ఆవిడ సాధారణంగా నాకే ఇవ్వరు.

మర్నాడు ఇద్దరూ కలిసి తిరిగివ్వడానికొచ్చారు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆ అమ్మాయికి ఎవరో నేర్పారు, మూకుడు మీద పళ్ళెం మూతపెట్టి ఉంది. "శ్రావణం కదా మామ్మగారూ, గుడ్డు వెయ్యలేదు" అంది. అత్తయ్య పళ్ళెం తీసి చేత్తో పట్టుకున్నారు. అబ్బాయి మూకుడుని మెల్లగా వంచాడు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

పోగుకి పోగు విడివిడిగా, జారుతూ వచ్చి పళ్ళెంలో పడ్డాయి.

అత్తయ్య ఒక పోగు తెంపకుండా నోట్లో పెట్టుకుని, నమిలి, కాసేపు ఆలోచించారు. "వానపాములు బానే ఉన్నాయి గానీ, నిమ్మకాయ ఇంకాస్త పడాలబ్బాయ్" అన్నారు. అని, పళ్ళెం వెనక్కి ఇవ్వలేదు.